ఏరు ఎవరిది? ఇల్లు ఎవరిది?

సూరత్ నగరంలో లింబాయత్ అనే పేట వున్నది. తెలంగాణ జిల్లాలనుండి మగ్గాల పని వెదుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా కాపురముంటున్నవి. మరాఠీ, హిందీ, ఉర్దూ మాట్లాడేవారు వీరికి ఇరుగుపొరుగు. పేట గుండా పారే ఏటి పేరు మీఠీ ఖాడీ. ఖాడీ అంటే మన ఉప్పుటేరు వంటిది. మీఠీ అంటే తీయనిది. అయితే వానాకాలంలో ఈ ఏటి చేదు ఎరుగని ఇల్లు దాని గట్టున లేదు. 2020 ఆగస్టులోనూ, 2025 జూన్‌లోనూ సూరత్ ఖాడీలు పొంగి వీధులను ముంచెత్తినవి.

నీరు గడప దాటినప్పుడు ఇంటివారు ముందు పిల్లలను మెరక మీదికి చేరుస్తారు. ఆ తరువాత వెదికేది కాగితాల సంచీని. అందులో ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర వేయించిన కొనుగోలు పత్రం వుంటాయి. ఇల్లు తమదని చెప్పడానికి ఇవి చాలునని అనేకుల నమ్మకం. చట్టం మాత్రం అలా చెప్పదు.

నీటికి యజమాని

మన రాజ్యాంగం నీటిని, భూమిని, స్థానిక పాలనను రాష్ట్రాల జాబితాలో చేర్చింది. అందువల్ల ఏటి సంగతి తెలియాలంటే రాష్ట్ర చట్టాలనే చూడాలి. గుజరాత్‌లో నేటికీ అమలులో వున్న 1879 నాటి భూమి శిస్తు చట్టం ప్రకారం, ఇతరుల హక్కు రుజువైతే తప్ప, నదులు, వాగులు, చెరువుల గర్భాలు ప్రభుత్వ ఆస్తి. మద్రాసు ప్రభుత్వం 1905లో చేసిన ఆక్రమణల చట్టమూ, నిజాం రాజ్యంలోని 1317 ఫస్లీ భూమి శిస్తు చట్టమూ ఇదే సూత్రాన్ని పాటించినవి. కనుక ఊరు విడిచి వచ్చిన నేతగానికి ఈ నియమం కొత్తది కాదు. స్వగ్రామంలో చెరువు శిఖం భూమికి వర్తించేదే ఇక్కడ ఖాడీకి వర్తిస్తుంది.

సూరత్‌కు రెండు రకాల వరద భయం వున్నది. మొదటిది తాపీ నది. నగరానికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువన 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట దానిని అదుపు చేస్తుంది. అయినా 2006 ఆగస్టులో దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీరు విడుదల కాగా నగరంలో అధిక భాగం మునిగిపోయింది. రెండవది ఖాడీలు. వీటి నీరు దక్షిణాన మిండోలా నదివైపు సాగుతుంది. సముద్రపు పోటు సమయంలో భారీ వర్షం కురిస్తే దిగువన దారి దొరకక నీరు వెనక్కు తన్నుతుంది. తాపీ కరకట్టలు ఈ నీటిని ఆపలేవు. ఖాడీ వెడల్పు ఎంత మిగిలిందన్నదే ఇక్కడ ముఖ్యం.

పన్ను కడితే పట్టా వచ్చినట్లా?

కాదు. నగరపాలక సంస్థ కట్టడాన్ని చూసి పన్ను వేస్తుంది. కట్టిన మనిషికి నేలపై హక్కు వున్నదా లేదా అని రసీదు తేల్చదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు పైబడిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. సాధారణ అధికార పత్రం మీద జరిగే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది.

అనుమతి లేని కట్టడాలను రుసుము తీసుకొని క్రమబద్ధం చేయడానికి గుజరాత్ 2011లో ఒక చట్టం, 2022లో మరొక ఉత్తర్వు తెచ్చింది. కాని నీటి దారిలో కట్టిన ఇంటికి ఆ వెసులుబాటు లేదు. ఎంత రుసుము చెల్లించినా ఏటి గర్భం ఇంటి స్థలం కాజాలదు.

అలాగని ఆ కుటుంబాన్ని ఒక ఉదయం వచ్చి వీధిలో పడవేయవచ్చునా? బొంబాయి కాలిబాట నివాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి సమాధానం. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడి వున్నదనీ, తొలగింపు న్యాయమైన పద్ధతిలో జరగాలనీ కోర్టు చెప్పింది.

పుర నిధి ఎవరి సొమ్ము?

మరి పన్ను రసీదుకు విలువే లేదా? వున్నది, అయితే అది మరొకచోట వున్నది. సూరత్ నగరపాలక సంస్థకు ఆధారమైన 1949 నాటి చట్టం పురనిధిని గురించి ఒక గొప్ప మాట చెప్పింది. సంస్థ ఆ సొమ్మును తన సొంతంగా గాక, చట్టం పేర్కొన్న ప్రయోజనాలకోసం ధర్మకర్త వలె వుంచుకోవాలి. ఖాడీలో పూడిక తీయడం, మురుగు కాలువలు, వీధి దీపాలు, బడులు ఆ ప్రయోజనాలలోనివే. ఈ సంస్థ బడులలో గుజరాతీతో పాటు తెలుగు మాధ్యమంలో కూడ బోధన జరుగుతున్నదంటే, ఆ నిధి ఫలం వలస వచ్చిన నేతగాని బిడ్డకు అందినట్లే.

2007 నవంబరులో గుజరాత్ నగరాలలో ఆక్ట్రాయ్ సుంకం రద్దయింది. ఆ లోటు పూడ్చడానికి రాష్ట్ర ప్రభుత్వపు గ్రాంటు అవసరమైంది. ఆదాయం చేతులు మారినకొద్దీ లెక్క అడిగేవారు వుండాలి. బడ్జెటును సర్వసభ్య సమావేశం ఆమోదిస్తుంది. లెక్కలను ఆడిటరు పరిశీలిస్తాడు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా కాగితం అడగవచ్చును. ఈ ఏడు ఖాడీ పూడికకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, పని ఎంతవరకు జరిగింది? ఇలా అడగడానికి ఇంటి పట్టా అక్కరలేదు.

ఇల్లు కొనబోయేవారు మాత్రం సొమ్ము చెల్లించకముందే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత దస్తావేజులు వెదికించాలి. పట్టణ ప్రణాళిక పటంలో ఆ స్థలానికీ ఖాడీ హద్దుకూ మధ్య దూరం చూడాలి. 1991 చట్టం కింద ప్రకటించిన ప్రాంతమైతే అమ్మకానికి కలెక్టరు ముందస్తు అనుమతి కావాలన్నది మరువరాదు.

మళ్ళీ వానలు వస్తాయి. కాగితాల సంచీ మళ్ళీ మెరక ఎక్కుతుంది. అందులో రిజిస్టరు దస్తావేజు ఒకటి చేరితే ఇంటికి రక్ష. నీటి దారిని కాపాడవలసిన నిధికి లెక్క అడిగిన దరఖాస్తు నకలు ఒకటి చేరితే పేట అంతటికీ మేలు.