అత్యవసర వీసాలకు కొలమానం ఏది?

నిబంధన కాగితం మీద వుంది. నిర్ణయానికి కారణం మాత్రం తెలియదు
ఆపదలో వున్న కుటుంబాలకు తప్పని అయోమయం

గుడివాడ: అర్ధరాత్రి దాటాక అమెరికా నుంచి ఫోను మోగిందంటే ఇంటిల్లిపాదికీ గుండె దడ. కొడుకు ఆస్పత్రిలో వున్నాడనో, అల్లుడికి కారు ప్రమాదం జరిగిందనో కబురు. తెల్లారేసరికి ఇరుగుపొరుగు గుమ్మం ముందు చేరతారు. ఓదార్పు మాటలు అయ్యాక అందరూ అడిగేది ఒకటే: "పాస్‌పోర్టు వుందా? వీసా వుందా?" పాస్‌పోర్టు వుండి వీసా లేని తల్లిదండ్రులకు అప్పటి నుంచి మొదలవుతుంది అసలు పరీక్ష.

గుడివాడ, పామర్రు, ఉయ్యూరు ప్రాంతాల పల్లెల నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవారు ఎందరో వున్నారు. 2010 - 2017 సంవత్సరాల మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన లెక్కలను బట్టి తేలింది. పిల్లలు అక్కడ, పెద్దలు ఇక్కడ. మంచికైనా చెడ్డకైనా మధ్యలో వీసా తలుపు వుంది. ఆ తలుపు ఆపద సమయంలో ఎవరికి ముందు తెరుస్తారు, ఎవరికి తెరవరు అన్న విషయంలోనే స్పష్టత కరువైందని పలు కుటుంబాలు వాపోతున్నాయి.

రెండేళ్ళ నిరీక్షణ

లోగడ మన ప్రాంతం వారు అమెరికా వీసాకు మద్రాసు వెళ్ళవలసి వచ్చేది. 2008 అక్టోబరులో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ప్రారంభమైంది. 2009 నుంచి అక్కడే వీసాలు ఇస్తున్నారు. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలోకి మారింది. దూరాభారం తగ్గింది గాని నిరీక్షణ తగ్గలేదు. కోవిడ్ తరువాత 2022 చివరి నాటికి మన దేశంలో మొదటిసారి విజిటర్ వీసా అడిగే వారికి ఇంటర్వ్యూ తేదీ రెండేళ్ళకు పైబడి దూరంలో దొరికింది. రద్దీ తగ్గించేందుకు 2023 జనవరి 21న, శనివారమైనా, ఢిల్లీ రాయబార కార్యాలయంతో పాటు ముంబయి, చెన్నై, కలకత్తా, హైదరాబాదు కాన్సులేట్లు తెరచి ఇంటర్వ్యూలు జరిపారు.

రెండేళ్ళ తరువాత తేదీ చేతిలో వుంటే రేపటి ఆపదకు అది ఎందుకు పనికి వస్తుంది? అందుకే అత్యవసర అపాయింట్‌మెంట్ అనే పద్ధతి పెట్టారు. ముందు డీఎస్-160 దరఖాస్తు నింపాలి. వీసా రుసుం కట్టాలి. 2023 జూన్ నుంచి విజిటర్ వీసాకు ఇది 185 డాలర్లు. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. తరువాత దొరికిన మామూలు తేదీని తీసుకోవాలి. ఆ పైన "నాది అత్యవసరం, ముందుకు జరపండి" అని కోరాలి. ఒప్పుకుంటే దగ్గర తేదీ వస్తుంది. కాదంటే పాత తేదీయే గతి.

ఏది అత్యవసరం?

తల్లి, తండ్రి, తోబుట్టువు, బిడ్డ అక్కడ చనిపోతే అంత్యక్రియలకు, మృతదేహాన్ని తెచ్చుకోవడానికి అత్యవసరం కింద అడగవచ్చు. చావుబతుకుల మధ్య వున్నవారిని చూడటానికీ, వైద్యానికీ అడగవచ్చు. అంత్యక్రియలైతే వాటిని నిర్వహించే అక్కడి సంస్థ నుంచి ఉత్తరం కావాలి. అందులో మరణించినవారి వివరాలు, అంత్యక్రియల తేదీ వుండాలి. జబ్బయితే డాక్టరు ఉత్తరం కావాలి. బంధుత్వానికి రుజువు చూపాలి.

పెళ్ళిళ్ళు, పట్టా ప్రదానోత్సవాలు, గర్భిణిగా వున్న బంధువుకు సాయం, చివరి క్షణపు విహార యాత్రలు అత్యవసరం కిందకు రావని కూడా నిబంధనలో స్పష్టంగా రాశారు.

ఇక్కడే మన పల్లెల తల్లులకు చిక్కు వస్తోంది. అమ్మాయి నీళ్ళోసుకుందంటే తొలికాన్పు పుట్టింటివారి బాధ్యత. పురుడు పోసి, బాలింతకు పథ్యం పెట్టి, పసిబిడ్డకు నలుగుపెట్టి స్నానం చేయించడం తల్లి ధర్మం. ఆడబిడ్డకు అంతకంటే అవసరమైన రోజు మరొకటి లేదని మన ఆడవారు అంటారు. అమెరికా లెక్కలో అది ముందే తెలిసిన పని. తొమ్మిది నెలల వ్యవధి వుంది కదా అన్నది వారి తర్కం. తేదీలు రెండేళ్ళ దూరంలో వున్నపుడు తొమ్మిది నెలల వ్యవధి ఏ మూలకు?

అయినా ఈ నిబంధనను తప్పుపట్టలేం. ఇష్టమున్నా లేకున్నా అది కాగితం మీద వుంది. చదివిన తల్లి అత్యవసరం కింద అడగకుండా ముందుగానే మామూలు తేదీ తీసుకోవచ్చు. చెప్పి కాదనడంలో వున్న మేలు ఇదే. చిక్కంతా చెప్పని చోట వచ్చిపడుతోంది.

బోర్డు మీద వున్న వరుస

అమెరికా పద్ధతిలోనే బహిరంగంగా వున్న వరుస మరొకటి వుంది. అక్కడి పౌరులు, గ్రీన్‌కార్డు వున్నవారు తమ వారిని శాశ్వతంగా రప్పించుకునే కుటుంబ వీసాల వరుస అది. ఇందులో తరగతులు వున్నాయి. పరిమితి వున్న తరగతులన్నింటికీ కలిపి ఏడాదికి మూల సంఖ్య 2,26,000. పౌరుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ తరగతికి 65,000. ఒక్కో దేశానికి మొత్తంలో 7 శాతానికి మించరాదు. పౌరుల భార్య లేక భర్త, 21 ఏళ్ళలోపు పిల్లలు, తల్లిదండ్రులకు మాత్రం ఈ పరిమితి లేదు.

దరఖాస్తు వేసిన తేదీయే వరుసలో మన స్థానం. ఏ తేదీ వరకు పిలుస్తున్నదీ అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా 'వీసా బులెటిన్'లో ప్రకటిస్తుంది. 2025లో తోబుట్టువుల తరగతిలో మన దేశం వారికి 2006 నాటి దరఖాస్తుల వంతు నడిచింది. అంటే దాదాపు 19 ఏళ్ళు! నిరీక్షణ దారుణమే. కాని ఎవరి ముందు ఎవరున్నారో, ఎవరు ఎవరిని దాటరాదో అందరికీ తెలుసు. చౌకదుకాణం ముందు వరుసలో నిలబడినవాడికి తన ముందు ఎంతమంది వున్నారో కనపడినట్లే ఇదీ కనపడుతుంది. ఎదురుచూడటం కష్టమైనా మోసపోయామన్న బాధ వుండదు.

అత్యవసర వరుసలో ఆ మాత్రం వెలుగు లేదు. ఒకే రకమైన కష్టంతో ఇద్దరు అడిగినపుడు ఒకరికి తేదీ వచ్చి మరొకరికి రాకపోతే ఎందువల్లనో ఊహించుకోవలసిందే. డాక్టరు ఉత్తరంలో లోపమా, బంధుత్వ రుజువు చాలలేదా, ఆ వారం ఖాళీలు లేవా? ఏది కారణమో తెలిస్తే దిద్దుకోవచ్చు. తెలియకపోతే దిద్దుకునేది ఏమిటి?

కారణం చెప్పే ఆనవాయితీ లేదు

అమెరికా లోపల దరఖాస్తులు చూసే పౌరసత్వ, వలస సేవల శాఖ వద్దా ఇదే తీరు. తీవ్రమైన ఆర్థిక నష్టం, అత్యవసర పరిస్థితి లేక మానవతా కారణం, ప్రభుత్వ ప్రయోజనం, శాఖ చేసిన స్పష్టమైన పొరపాటు వంటి వాటిని బట్టి దరఖాస్తును ముందుకు తీసుకుంటామని ఆ శాఖ ప్రకటించింది. అయితే నిర్ణయం పూర్తిగా అధికారుల విచక్షణకే వదిలారు. ఆ నిర్ణయాలకు సాధారణంగా కారణాలు తెలపబోమని విధాన పత్రంలోనే రాసుకున్నారు.

సమాచార స్వేచ్ఛ చట్టం అమెరికాలో 1966లోనే వచ్చింది. కాని 1952 నాటి వలస చట్టం వీసా రికార్డులను రహస్యంగా వుంచమంటోంది. కోర్టుకు వెళదామన్నా దారి ఇరుకే. శాండ్రా మునోజ్ అనే అమెరికా పౌరురాలి భర్తకు కాన్సులర్ అధికారి వీసా నిరాకరించిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో 6-3 ఆధిక్యతతో తీర్పు చెప్పింది. భర్తను దేశంలోకి రప్పించుకోవడం పౌరురాలి ప్రాథమిక హక్కు కాదని పేర్కొంది. భార్యాభర్తల విషయంలోనే ఇట్లా వుంటే పల్లెటూరి తల్లిదండ్రుల మొర వినేదెవరు?

మన దేశంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మండల కార్యాలయంలో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. అత్యవసరం అంటే ఏమిటో, ఎంతలో జవాబివ్వాలో చట్టంలోనే రాశారు. పాస్‌పోర్టుకూ తత్కాల్ పద్ధతి వుంది. అదనంగా కట్టవలసిన 2,000 రూపాయలు ఎంతో ముందే తెలుసు. బ్రిటన్ 500 పౌండ్లు అదనంగా తీసుకుని అయిదు పనిదినాల్లో వీసా నిర్ణయం చెప్పే సేవ నడుపుతోంది. డబ్బున్నవారికే ముందు చోటు అన్న విమర్శ దీనిపై వున్నా రుసుమెంతో, గడువెంతో దాచలేదు.

ఇటు కర్మ, అటు కొలువు

కష్టం ఇటు నుంచి కూడా వస్తుంది. ఇక్కడ తండ్రి పోతే అక్కడ ఉద్యోగంలో వున్న కొడుకు రావడానికి అడ్డు లేదు. పాస్‌పోర్టు మనదే. తిరిగి వెళ్ళడమే సమస్య. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరితే ఇక్కడి కాన్సులేట్‌లో మళ్ళీ వేయించుకోవాలి. తేదీ దొరకక నెలల తరబడి వుండిపోతే కొలువు పోతుంది. తండ్రికి తలకొరివి పెట్టాలా, ఉద్యోగం నిలుపుకోవాలా అని కొడుకు విమానాశ్రయానికి బయలుదేరే ముందే తేల్చుకోవలసి వస్తోంది. తనకు అత్యవసరం కింద తేదీ దొరికే అవకాశం ఎంతో తెలిస్తే ఆ కొడుక్కి ఒక దారి కనపడుతుంది.

దళారులకు పంట

తెలియని చోట దళారి పుట్టుకొస్తాడు. "లోపల మనవాళ్ళున్నారు, తేదీ ఇప్పిస్తాం" అనేవారికి కొదవ లేదు. 'బాట్'లనే కంప్యూటర్ ప్రోగ్రాములతో పట్టేసిన సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను రద్దు చేస్తున్నట్లు ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం 2025 మార్చిలో ప్రకటించింది. మామూలు తేదీలకే ఈ గతి పడితే, ఆపదలో వున్న ఇంటివారి ఆత్రుత దళారికి ఎంత లాభమో వేరే చెప్పనక్కర లేదు.

అధికారుల వైపూ న్యాయం లేకపోలేదు. రోజుకు ఇన్ని ఇంటర్వ్యూలే చేయగలరు. అందరూ అత్యవసరమంటే నిజమైన ఆపద వెనుకబడుతుంది. ఏ మాట రాస్తే తేదీ వస్తుందో బయటపెడితే దొంగ ఉత్తరాలు పెరుగుతాయన్న భయం కూడా వుంది. కాని నెలకు ఎన్ని విన్నపాలు వచ్చాయి, ఎన్ని ఒప్పుకున్నారు, ఎన్ని రోజుల్లో జవాబిచ్చారు అన్న లెక్కలు ప్రకటిస్తే దొంగలకు కలిసివచ్చేదేమీ లేదు. కాదన్నపుడు "రుజువు చాలలేదు" అనో, "ఈ కారణం నిబంధన కిందకు రాదు" అనో ఒక్క ముక్క రాస్తే దరఖాస్తుదారుకు తానెక్కడున్నదీ తెలుస్తుంది.

ముందు జాగ్రత్తే శ్రీరామరక్ష

ఆ రోజు వచ్చేవరకు కుటుంబాలు చేయగలిగింది కొంత వుంది. పిల్లలు విదేశంలో వున్న తల్లిదండ్రులు అవసరం లేనపుడే పాస్‌పోర్టు, విజిటర్ వీసా తీసుకోవడం మేలు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరో దానిలో వెనుక వుండటం, ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో మరొకటి వుండటం మామూలైపోయింది. బంధుత్వ రుజువు అడిగినపుడు ఇదే పెద్ద ఆటంకం. వీటిని ముందే సరిచేయించుకోవాలి. పిల్లల జనన ధ్రువపత్రం వుందో లేదో చూసుకోవాలి. అక్కడి ఆస్పత్రి ఉత్తరంలో రోగి పేరు, జబ్బు తీవ్రత, బంధువు రాక ఎందుకు అవసరమో వుండేలా పిల్లలచేత అడిగించాలి. అబద్ధం మాత్రం పనికిరాదు. అత్యవసర కారణం బూటకమని ఇంటర్వ్యూలో తేలితే రికార్డుకెక్కుతుంది. వీసాకే ఎసరు వస్తుంది. త్వరగా తేదీ దొరికినంత మాత్రాన వీసా వచ్చినట్లు కాదని కూడా గుర్తుంచుకోవాలి. తిరిగి వస్తారన్న నమ్మకం అధికారికి కలగాలి.

అమెరికా ఎవరిని రానివ్వాలో ఆ దేశం ఇష్టం. దానిని ఎవరూ కాదనడం లేదు. ముందు పిలిచేది ఎవరిని, ఏ కొలతతో, ఎన్నాళ్ళలో అన్నది చెప్పమనే అడుగుతున్నారు. వీసా బులెటిన్‌లో 19 ఏళ్ళ వరుసను నెలనెలా బయటపెట్టగలిగినవారికి ఇది అసాధ్యం కాదు. మన విదేశాంగ శాఖ, పార్లమెంటు సభ్యులు, అక్కడి తెలుగు సంఘాలు ఈ కోర్కెను అమెరికా అధికారుల ముందు వుంచవలసిన అవసరం ఎంతైనా వుంది. అర్ధరాత్రి ఫోను అందుకున్న తల్లికి తెల్లారేసరికి వీసా రాకపోవచ్చు. వెళ్ళగలనో లేదో అన్న జవాబైనా సకాలంలో రావాలి.