నీటికాకి రెక్కలు విప్పి ఎందుకు నిలుచుంటుంది?

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ రేవుకు సమీపంలో ఉన్న ఏక్‌బాల్‌పూర్ జనసమ్మర్దం గల ప్రాంతం. అక్కడి నుంచి తూర్పుగా కొద్ది దూరం వెళితే 1876లో ప్రారంభమైన అలీపూర్ జంతు ప్రదర్శనశాల, దాని ఆవరణలోని సరస్సు కనిపిస్తాయి. ఆ సరస్సు ఒడ్డున, ఎండుకొమ్మ మీద, రెండు రెక్కలనూ బార్లా చాచి కదలకుండా నిలుచున్న నల్లని పక్షిని చూడటానికి టిక్కెట్టు కొన్నవారు అరుదు. అది బోనులో లేదు, ఎవరూ తెచ్చి పెట్టినదీ కాదు. బెంగాలీలు దానిని పాన్‌కౌడి అంటారు. తెలుగువారికి అది నీటికాకి.

పేరులో కాకి ఉన్నా, కాకి జాతికీ దీనికీ సంబంధం లేదు. మన దేశంలో ప్రధానంగా మూడు రకాల నీటికాకులు ఉన్నాయి. వాటిలో అన్నింటికన్నా చిన్నదే చెరువుల వద్ద మనకు తరచుగా కనిపించేది. పొడవు సుమారు 50 సెంటీమీటర్లు, బరువు అర కిలోకు అటూ ఇటూ.

తడవడమే దాని బలం

బాతు నీటిలో ఎంతసేపు ఉన్నా దాని ఈకలు తడవవు. ఈకల మధ్య నిలిచిన గాలి దానిని తేల్చి ఉంచుతుంది. నీటికాకి ఈకల వెలుపలి అంచులు మాత్రం నీటిని పీల్చుకుంటాయి. దీనికి తోక మొదట నూనె గ్రంథి లేకపోవడమే కారణమని చాలాకాలం భావించేవారు. అది పొరపాటు. గ్రంథి ఉన్నది, పక్షి దానిని వాడుకుంటుంది కూడా. తేడా అంతా ఈకల నిర్మాణంలోనే ఉన్నది. వెలుపలి భాగం తడిసినా, చర్మాన్ని అంటిన లోపలి భాగం పొడిగా ఉండి దేహంలోని వెచ్చదనాన్ని కాపాడుతుంది.

చేపను వెంటాడే పక్షికి తేలిపోవడం ఆటంకం. ఈకలలోని గాలి బయటికి పోతే మునగడం తేలిక. దీనికి తోడు నాలుగు కాలివేళ్లనూ కలిపే చర్మం తెడ్డులా పనిచేస్తుంది. నీటి అడుగున నీటికాకి రెక్కలను దేహానికి అదిమిపెట్టి, కాళ్లతోనే ఈదుతుంది. ఎదిగిన పక్షికి బయటి ముక్కు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, అది నోటితోనే గాలి పీలుస్తుంది. కొక్కెంలా వంగిన ముక్కు కొన జారిపోయే చేపను పట్టి ఉంచుతుంది. పైకి వచ్చాక చేపను గాలిలోకి ఎగరవేసి, తల ముందుగా లోపలికి పోయేలా మింగుతుంది. తోకవైపు నుంచి మింగితే మొప్పలు, ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి.

ఈ సౌకర్యానికి పక్షి చెల్లించే మూల్యమే రెక్కలు ఆరబెట్టుకోవడం. తడిసిన రెక్కలతో ఎగరడం కష్టం. అందుకే వేట ముగియగానే ఒక కొమ్మ, ఒక రాయి, ఒక వెదురు గుంజ వెతుక్కుని ఎండకూ గాలికీ రెక్కలు విప్పుతుంది. దీనికి దగ్గరి బంధువైన పాముమెడ పక్షి కూడా ఇదే పని చేస్తుంది. అయితే దాని వేట తీరు వేరు. దాని ముక్కుకు కొక్కెం ఉండదు, బల్లెంలా సూటిగా ఉంటుంది. మెడను ఒక్కసారిగా విసిరి చేపను పొడుస్తుంది.

నీరు ఒక్కటే చాలదు

నీటికాకులు కొంగలతో కలిసి చెట్లపై గుంపుగా గూళ్లు కడతాయి. ఉత్తర భారతంలో వర్షకాలంలోనూ, దక్షిణాన నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ గుడ్లు పెడతాయి. పిల్లలు ఈకలు లేకుండా పుడతాయి. తల్లిదండ్రుల గొంతులోకి తల దూర్చి, సగం అరిగిన చేపను తింటాయి. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు చెరువులోనూ, నేలపట్టు అభయారణ్యంలోనూ గూడబాతులు, కొంగలతో పాటు వీటినీ చూడవచ్చు.

అంటే ఈ పక్షికి మూడు వసతులు కావాలి. చిన్నచేపలున్న లోతు తక్కువ నీరు, ఆరబెట్టుకోవడానికి ఒక గుంజ, గూటికి అలజడి లేని చెట్టు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ ఉండి ప్రయోజనం లేదు.

కోల్‌కతాలో ఈ మూడూ ఇంకా మిగిలి ఉండటానికి నగరానికి తూర్పున ఉన్న చిత్తడి నేలలు పెద్ద ఆధారం. నగరపు మురుగునీరు కాలువల ద్వారా అక్కడి భేరీలలోకి, అంటే చేపల చెరువులలోకి చేరుతుంది. ఎండ, సూక్ష్మజీవులు, నాచు ఆ నీటిని శుభ్రపరుస్తాయి. ఆ నాచే చేపలకు ఆహారం. ఈ వ్యవస్థ విలువను లోకానికి చాటినవారు ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్. అక్కడి భూమిని ఇతర అవసరాలకు మళ్లించరాదని 1992లో కలకత్తా హైకోర్టు ఆదేశించింది. అయినా విస్తరించే నగరపు ఒత్తిడి ఆగలేదు.

రైతు ఫిర్యాదు

2002 ఆగస్టు 19న తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు రామ్‌సర్ జాబితాలో చేరాయి. అదే రోజున మన కొల్లేరు కూడా చేరింది. ఈ రెండింటికీ మరో బంధం ఉన్నది. కొల్లేరు పరిసరాలలో పెరిగిన బొచ్చె, శీలావతి చేపలు మంచుపెట్టెలలో హౌరా మార్కెట్టుకు వెళతాయి. కనుక నీటికాకి పట్ల రైతు కోపం రెండుచోట్లా ఒకటే.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. చేప పిల్లలను పెంచే నర్సరీ చెరువుల మీద గుంపులు వాలితే నష్టం నిజమే. అయితే అర కిలో బరువున్న పక్షి, మార్కెట్టుకు వెళ్లే కిలో చేపను మింగలేదు. దాని ఆహారం ప్రధానంగా చిన్నచేపలు, కప్పలు, రొయ్య జాతి జీవులు. పెంపకపు చేపల మేతకు పోటీపడే పరిగెలు కూడా వాటిలో ఉంటాయి. కాబట్టి కాపలా అవసరమైనది పిల్లలున్న నర్సరీ చెరువులకు, అవి ఎదిగే కొద్ది వారాలలోనే. ఏడాది పొడవునా అన్ని చెరువుల మీదా సన్నని వలలు పరిస్తే వాటిలో చిక్కుకుని చచ్చేవి నీటికాకులు మాత్రమే కావు. ఈ పక్షికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇదే పక్షిని మనిషి తోటి పనివాడిగా చూసిన దేశాలూ ఉన్నాయి. జపాన్‌లోని గిఫూ వద్ద నాగరా నదిలో జాలరులు నేటికీ శిక్షణ పొందిన నీటికాకులతో చేపలు పట్టిస్తారు. పెద్దచేపను మింగకుండా మెడకు తాడు కడతారు, చిన్నచేపలను మాత్రం దానికే వదిలేస్తారు.

మన చెరువుగట్లపై అంత ఏర్పాటు అక్కరలేదు. చెరువు పూడ్చినప్పుడు నీరు పోయిందని అందరికీ తెలుస్తుంది. గట్టున ఉన్న ఎండుచెట్టు నరికితే ఏమి పోయిందో ఎవరికీ తోచదు. తడిసిన రెక్కలతో వచ్చే నీటికాకికి మాత్రం అది వెంటనే తెలుస్తుంది.