రోసబ్: అడుగును గీకకుండా చూసే యంత్రం

పరవాడలో సింహాద్రి విద్యుత్ కేంద్రాన్ని చల్లబరిచేది సముద్రపు నీరే. అక్కడి ఫార్మా సిటీ శుద్ధి చేసిన వ్యర్థజలం గొట్టం ద్వారా కలిసేదీ సముద్రంలోనే. ఇంతగా వాడుకునే నీటి అడుగున ఏముందో తెలుసుకోవడానికి మనిషికి చాలాకాలం ఒక్కటే దారి: వల వేసి ఈడ్చడం.

1880లలో బొంబాయిలో కట్టిన సర్వే ఓడ ‘ఇన్వెస్టిగేటర్’ చేసిందీ అదే. దాని మీద పనిచేసిన వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆల్‌కాక్, అలా దొరికిన లోతునీటి పగడాల మీద 1898లో గ్రంథమే వెలువరించాడు. గ్రంథం గొప్పదే, కానీ వలలో పైకొచ్చేవి విరిగిన కొమ్మలు. ఎండ చొరని లోతులో, పైనుంచి రాలే నలుసులు తింటూ, ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరిగే జీవులవి. హవాయి దగ్గర ఒక నల్ల పగడానికి నాలుగు వేల ఏళ్లు దాటాయని తేలింది. ఒక్క ఈడ్పుతో పోయింది మళ్లీ పెరగడం మన తరాల్లో చూసేది కాదు.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రష్యా ఇంజనీర్లతో కలిసి తయారు చేసిన ‘రోసబ్ 6000’ ఈడ్చదు, చూస్తుంది. లోపల మనిషి ఉండడు. ‘సాగర్ నిధి’ ఓడ నుంచి లావుపాటి కేబుల్‌తో ముందు ఒక ఉక్కు చట్రం దిగుతుంది, దానికి అతుక్కుని యంత్రం. అనుకున్న లోతుకు చేరాక యంత్రం గూటిలోంచి పిట్టలా విడివడి, సన్నని తీగతో తిరుగుతుంది. అలలకు ఓడ ఎగిరిపడ్డా ఆ కుదుపు చట్రం దగ్గరే ఆగిపోతుంది. దీపాల వెలుగులో కెమెరా నిలకడగా ఉంటుంది. అసలు కిటుకు ఇదేనని నా అభిప్రాయం. యంత్రం దిగగల ఆరు వేల మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం కంటే ఆరు వందల రెట్లు. 2010లో ఇది 5,289 మీటర్ల దాకా దిగింది. మన కృష్ణా గోదావరి బేసిన్‌లోనూ వెయ్యి మీటర్ల పైచిలుకు లోతులో తిరిగింది.

అయితే దీన్ని కట్టింది పగడాల కోసం కాదు, ఖనిజాల కోసం, గ్యాస్ హైడ్రేట్ల (మంచులా గడ్డకట్టిన సహజవాయువు) కోసం. ఇందులో వింతేమీ లేదు. స్కాట్లాండ్ వాయవ్యాన వెయ్యి మీటర్ల లోతున ఉన్న పగడాల గుట్టలు, డార్విన్ దిబ్బలు, 1998లో బయటపడిందీ చమురు కంపెనీల సర్వేలోనే. రెండేళ్లకు అక్కడ వలలు ఈడ్చిన చారలు కనిపించాయి. 2003లో యూరోపియన్ యూనియన్ ఆ చోట అడుగు వలలను నిషేధించింది.