ఒకే చిరునామాకు ఇద్దరు హక్కుదారులు

మేడమీది గదికి వైఫై అందేది కాదు. అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష దగ్గర పడుతోంది. అటక మీది పాత రౌటరును యాక్సెస్ పాయింటుగా వాడుదామని దించి, కింది రౌటరు నుంచి తీగ లాగి కలిపాను. ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్ ఆగిపోయింది!

రెండు పెట్టెలకూ తయారీలోనే పెట్టిన ఐపీ చిరునామా ఒక్కటే: 192.168.1.1. 192.168తో మొదలయ్యే చిరునామాలు ప్రైవేటు వాడకానికి ప్రత్యేకించినవని 1996 నాటి ఇంటర్నెట్ ప్రమాణపత్రం చెబుతుంది. కనుక అవి ఎన్ని ఇళ్లలో ఉన్నా చిక్కులేదు. ఒకే ఇంట్లో రెండింటికీ ఒకటే అయితేనే తంటా. ఒకే నంబరు గల రెండు గుమ్మాల మధ్య తపాలా బంట్రోతు పడే అవస్థ అది. పైగా రెండూ పోటీపడి ఫోన్లకు చిరునామాలు పంచసాగాయి.

మా కింది రౌటరు 100 నుంచి 199 వరకు పంచుతుంది. ఆ వరుసకు వెలుపల, 192.168.1.2ను పాతదానికి ఇచ్చాను. మొదటి మూడు అంకెలు మార్చరాదు. మారిస్తే, మామూలు అమరికలో, దాని సెట్టింగుల పేజీయే మనకు తెరుచుకోదు. వరుస లోపలి అంకె ఇవ్వడం మరింత ప్రమాదం: కొన్నాళ్లు సవ్యంగా నడిచి, ఏ అతిథి ఫోనుకో అదే అంకె దక్కిన రోజున బయటపడుతుంది.

చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని పాతదానిలో ఆపివేసి, తీగ వాన్ రంధ్రంలో కాక లాన్ రంధ్రంలోనే ఉందని సరిచూసుకున్నాను. తీగ కలపకముందే చేయవలసిన పనులివి. నేను తరువాత చేశాను.

పరీక్ష నాడు అమ్మాయి మేడమీదే కూర్చుంది. 192.168.1.2 అని కాగితం ముక్క మీద రాసి, ఆ పెట్టె అడుగున అంటించాను.