బీడుగా లెక్కించిన నేల: వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో తంగేడు ఆవాసం

కీలకపదాలు: తంగేడు, బీడు, గట్టు, నాపరాయి, లంద, బతుకమ్మ

తెలంగాణ ప్రభుత్వం 2014లో తంగేడును రాష్ట్రపుష్పంగా ప్రకటించింది. మన జానపద పరిశోధనలో ఈ పూవు ప్రస్తావన సాధారణంగా బతుకమ్మతో మొదలై బతుకమ్మతోనే ముగుస్తుంది. తాంబాళంలోకి చేరకముందు అది ఏ నేలమీద పూచిందన్న ప్రశ్నకు దక్కిన చోటు తక్కువ. ఆ నేలను పరిశీలించడానికి వికారాబాద్, తాండూరు ప్రాంతాలు అనువైనవి.

మూసీనది పుట్టిన అనంతగిరి కొండల పరిసరాల్లో ఎర్రని మొరం నేలలున్నాయి. అక్కడి నుండి తాండూరు వైపు సాగేకొద్దీ నల్లరేగడి, దాని అడుగున నాపరాయి పొరలు కనిపిస్తాయి. తంగేడు ఈ రెండు చోట్లా బతుకుతుంది. దానికి కావలసింది సారవంతమైన మట్టి కాదు, ఎండ. అందుకే అనంతగిరిలో దట్టమైన చెట్లనీడన కాక అడవి అంచున, బాటల పక్కన, మేతబీళ్లలో పొదలు కడుతుంది. తాండూరులో దాని స్థానం కందిచేల గట్లు, దున్నని బండనేలలు. సాధారణంగా మనిషి ఎత్తు దాటని ఈ పొదను మేకలు కూడా అంతగా ముట్టవు. మేత ఒత్తిడి ఎక్కువైన బీడులో తంగేడు మిగలడానికి ఇదొక ముఖ్యకారణం.

కావ్యాల్లో తుమ్మెద మకరందం కోసం పూవును చేరుతుంది. తంగేడు విషయంలో ఈ కవిసమయం చెల్లదు. ఈ పూవులో తేనె ఉండదు. పుప్పొడి తిత్తులు నిలువునా విచ్చుకోవు, కొనన ఉన్న సన్నని రంధ్రాల గుండానే పుప్పొడి రాలుతుంది. గండుతుమ్మెద కేసరాలను పట్టుకొని ఒంటిని అదిరిస్తేనే అది బయటపడుతుంది. మనం ఝంకారమని వర్ణించే ధ్వనిలో కొంతభాగం ఈ శ్రమదే.

1753లో లిన్నేయస్ ఈ మొక్కకు పెట్టిన శాస్త్రీయనామంలోని 'ఆరిక్యులేటా' పదానికి చెవులు కలదని అర్థం. ఆకుతొడిమ మొదట చెవుల్లా కనిపించే పుచ్ఛాలు అందుకు ఆధారం. తంగేడు చెక్కలో తోలును పదును చేసే వగరు గుణం ఉంది. లందల్లో తోళ్లను ఊనిన వృత్తికులాలకు ఇది పండుగపూవు కాకముందే పనిముట్టు. పూవును కీర్తించిన వ్యాసాలు ఈ చెక్కను దాటవేయడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

భారతప్రభుత్వపు బంజరుభూముల పటాల్లో పొదలు పెరిగిన నేలలకు ప్రత్యేక వర్గాలున్నాయి. అంటే అవి బంజరు కిందనే లెక్క. రైతు వాడుకలోని 'బీడు' మాత్రం నిరుపయోగమన్న అర్థానికి పరిమితం కాదు. పశువుల మేత, వంటచెరకు, పందుంపుల్ల, పొలానికి పచ్చిరొట్ట అన్నీ అందులోనివే. ఒకే నేలకు రెండు నిఘంటువులున్నాయన్నమాట. మొదటి నిఘంటువు ప్రకారం అక్కడ నాపరాతి గని తవ్వినా, నీడనిచ్చే చెట్లు నాటినా అభివృద్ధే. తంగేడుకు రెండూ ఆవాసనష్టమే.

బతుకమ్మలో తంగేడుతో జతకూడే గునుగు పొలంలో కలుపుగా మొలుస్తుంది, తంగేడు గట్టున నిలుస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిచేలల్లో ఈ రెండింటి మధ్య దూరం కొద్ది అడుగులే. కలుపుమందు మొదటిదానిని, గట్లు చదును చేయడం రెండవదానిని తొలగిస్తాయి. పండుగకు కొమ్మలు విరవడం వల్ల తంగేడు అంతరిస్తుందన్న భయం మాత్రం అతిశయోక్తి. నరికిన మోడు నుండి అది మళ్లీ చిగురిస్తుంది, మోడు నిలిచే గట్టంటూ ఉంటే.