విమానంలో ఏ వైపు కిటికీ?

సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు హాస్టల్ డాబా మీద నిలబడి, తెల్లటి గీత గీసుకుంటూ పోయే విమానాన్ని చూడనివాళ్ళు మనలో ఉండరు. అది ఏ ఊరికి పోతోందని పందేలు కూడా వేసుకునేవాళ్ళం. చాలా ఏళ్ళకు, 2018 నవంబరులో, మా బ్యాచ్ వాళ్ళం ముగ్గురం ట్రైనింగ్ కోసం ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రాకు విమానంలో వెళ్ళాం. ముగ్గురికీ అదే మొదటిసారి. కౌంటర్లో ఇచ్చిన సీట్లే తీసుకున్నాం. అడగవచ్చని తెలియదు, తెలిసినా నోరు పెగిలేది కాదేమో! ఇద్దరికి మధ్య సీట్లు, ఒకరికి కుడి కిటికీ వచ్చాయి. దిగాక ఎడమవైపు వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాం, ఎవరెస్టు కనిపించిందట.

మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎక్కిన శిఖరం అది. అప్పటికి పూర్ణకు 13 ఏళ్ళే. ఆ శిఖరాన్ని కిటికీలోంచి చూసే అవకాశం పోగొట్టుకున్నామని ఎంత బాధపడ్డామో!

అందుకే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది రాస్తున్నాం.

ముందు అట్లాసు తీయండి. బయలుదేరే ఊరికీ దిగే ఊరికీ మధ్య స్కేలు పెట్టండి. ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రాకు దారి తూర్పుగా పోతుంది, హిమాలయాలు ఉత్తరాన ఉంటాయి. తూర్పుకు తిరిగి నిలబడితే ఎడమచేయి ఉత్తరమని సాంఘికశాస్త్రం సారు చెప్పిందే ఇక్కడ పనికొస్తుంది. అంటే పోయేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 విమానాల్లో వరుసకు ఆరు సీట్లు. ఎడమ కిటికీ 'ఏ', కుడి కిటికీ 'ఎఫ్'. బి, ఇ మధ్యవి. సి, డి నడవ పక్కవి.

తర్వాత సూర్యుడు. ఉదయం హైదరాబాదు నుంచి ఢిల్లీకి, అంటే ఉత్తరానికి పోతుంటే, ఎండ కుడివైపు కొడుతుంది. కళ్ళు మూసుకుని కూర్చోవడమే. ఎడమ కిటికీ నయం. సాయంత్రమైతే తారుమారు.

రెక్క సంగతి మరువకండి. ఈ పెద్ద విమానాల్లో నడిమి వరుసల కిటికీలోంచి రెక్క తప్ప నేల కనిపించదు. రెక్కకు బాగా ముందు కూర్చోవాలి, లేదా బాగా వెనక. రెక్క వెనకాలే అయితే ఇంజను వేడిగాలికి దృశ్యం అలలు అలలుగా కదులుతుంది. చిన్న ఊళ్ళకు తిరిగే ఏటీఆర్ పంకాల విమానానికి రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి చూపు బాగా ఆనుతుంది.

నచ్చిన సీటు ముందే ఎంచుకుంటే చాలా కంపెనీలు అదనంగా డబ్బు తీసుకుంటాయి. వెబ్ చెక్-ఇన్ తెరవగానే ఉచిత సీట్లలో కిటికీ ఏమైనా ఉందేమో చూడండి. లేకుంటే తొందరగా వెళ్ళి కౌంటర్లో అడగండి. వానాకాలంలో మాత్రం ఎంత మంచి సీటైనా మబ్బులే.

తిరుగు ప్రయాణంలో మేమూ అడిగాం, "మేడమ్, కుడివైపు కిటికీ ఉంటే ఇస్తారా?" అని. ఆమె నవ్వి ఒకే వరుసలో డి, ఇ, ఎఫ్ ఇచ్చింది. ముందు కాంచన్‌జంగ పెద్ద తెల్లని గోడలా వచ్చింది. తర్వాత విడిగా నిలబడ్డ మకాలు, ఆ పక్కన మంచుగోడ వెనక నుంచి తొంగిచూస్తున్న నల్లటి ముక్కోణం. అదే ఎవరెస్టు అని తేల్చుకునేసరికి కిటికీ కోసం ముగ్గురం సీట్లు మారడం మొదలుపెట్టాం.