దారిన దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెస్తే...

అడవి అంచు ఊళ్ల నుంచి వచ్చిన మాకు కుక్క కొత్త కాదు. చేను దగ్గరా, గడప దగ్గరా అది ఉండాల్సిందే. కానీ తల్లి పోయిన పిల్లనో, బండి కింద పడి కాలు విరిగినదాన్నో తెచ్చి, కోలుకునేదాకా సాకి, పెంచుకునేవాళ్లకు అప్పగించడం వేరే సంగతి. హైదరాబాదులో అయితే 1992లో అమల అక్కినేని గారు స్థాపించిన బ్లూ క్రాస్ ఉంది. భద్రాచలం వైపు పల్లెల్లో ఆ భారం తెచ్చినవాళ్లదే. (సెలవుల్లో తెచ్చేది మనం, హాస్టల్ తెరిచాక సాకేది అమ్మ!)

మొదటి భయం పార్వో జబ్బు. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్ల పోవచ్చు. అందుకే కొత్తదాన్ని రెండు వారాలు ఇంటి కుక్కలకు దూరంగా ఉంచాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. జూలై 6న పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో పాశ్చర్ ఒక బాలుడికి ఆ టీకా వేసింది ఆ రోజే. ఆడుతూ పంటి గాటు పడినా సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు, పెద్దలు చెప్పినా సరే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు.

కిన్నెరసాని అభయారణ్యం పక్క ఊళ్లలో ఇంకో చిక్కుంది. విడిచిపెడితే కుక్క దుప్పిని తరుముతుంది, కుక్కను చిరుత ఎత్తుకుపోతుంది. కుక్కలకొచ్చే డిస్టెంపర్ అడవి జంతువులకూ అంటుతుంది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాలు ఆ వైరస్ సోకి చనిపోయాయి. రాత్రిళ్లు కట్టేయడమే మంచిది.

అన్నిటికన్నా కష్టం అప్పగించే రోజు. కొత్త ఇంట్లో అది ఒకటి రెండు రోజులు ముద్ద ముట్టకపోవచ్చు. ఇక్కడ మనకూ సహించదు. టీకా కార్డుతో పాటు అది పడుకున్న పాత గోనెసంచి కూడా ఇచ్చి పంపితే, తెలిసిన వాసనకు కాస్త త్వరగా కుదురుకుంటుంది.